నడుము నొప్పిని ఎవరికి చెప్పుకోవాలి?

చెనిక్కాయ చెట్లు పీకే కాలం వచ్చిందంటే కదిరి, నల్లచెరువు ప్రాంతంలో ఊరు ఊరంతా నడుము వంచాల్సిందే. తొలకరికి విత్తిన పంట అక్టోబరు, నవంబరు నాటికి చేతికొస్తుంది. తెల్లవారకముందే చేలోకి దిగాలి. సాళ్ళ వెంబడి వంగి చెట్లు పీకాలి, కట్టలు కట్టాలి, ఎండ ముదిరాక నీడన గొంతుక్కూర్చుని కాయలు వలవాలి. ఆ పని చేసే ఆడవాళ్ళను నడుము ఎలా ఉందని అడిగి చూడండి. "ఏముందిలే అక్కా, వయసైపోయింది" అంటారు. వారిలో చాలామందికి యాభై ఏళ్ళయినా నిండి ఉండవు.

కదిరి నుంచి మదనపల్లె వెళ్ళే దారిలో ఉన్న నల్లచెరువు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండలం. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. అదే జిల్లాలోని ధర్మవరంలో గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం పట్టుచీర నేసేవారున్నారు. హిందూపురం వైపు పట్టుపురుగులకు మల్బరీ ఆకు మోసేవారున్నారు. పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలయ్యాక షిఫ్టుల్లో నిలబడి పనిచేసే యువకులూ ఉన్నారు. వానలు మొహం చాటేసిన ఏడు బెంగళూరు వెళ్ళి ఇసుక, సిమెంటు మోసేవారి సంగతి చెప్పనక్కరలేదు. పనులు వేరైనా నలభై దాటేసరికి వారందరినీ కలిపేది నడుము నొప్పే.

ఇది మన ప్రాంతానికే వచ్చిన కష్టం కూడా కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని 2023లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. మనుషులను పనికి దూరం చేసే కారణాలలో ప్రపంచం మొత్తం మీద ఇదే మొదటిది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. యాభై, యాభై అయిదేళ్ళ వయసులో మరీ ఎక్కువ.

చెయ్యి విరిగితే ఏం చేయాలో మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కొందరు ఆస్పత్రికి పరుగెత్తుతారు, కొందరు పుత్తూరు కట్టుకు బయలుదేరతారు. నడుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగడమే వాయిదా పడుతుంది. ఎవరిని అడగాలో తెలియదు, ఏమని అడగాలో తెలియదు. అడిగితే ఏమంటారోనన్న భయం ఒకటి. ఈ వాయిదా ఖరీదు ఎంతో మనం ఆలోచించవలసి ఉంది.

చెప్పకపోవడమే విశ్వాసమా?

విశ్వాసుల ఇళ్ళలో ఈ మౌనానికి మరో కారణం కూడా ఉంది. నొప్పి ఉందని చెబితే విశ్వాసం తక్కువైనట్టు భావిస్తారేమోనని చాలామంది సంకోచిస్తారు. స్వస్థత కోసం ప్రార్థన చేయించుకున్న తర్వాత మళ్ళీ నొప్పి వస్తే అది బయటికి చెప్పడానికి మరీ సిగ్గుపడతారు. ప్రార్థించి మాత్ర మింగితే ప్రార్థనను అనుమానించినట్టేనని చెప్పేవారూ అక్కడక్కడా లేకపోలేదు.

పరిశుద్ధ గ్రంథం అలా చెప్పడం లేదు. హిజ్కియా రాజుకు మరణకరమైన జబ్బు చేసినప్పుడు ఆయన కన్నీటి ప్రార్థనను దేవుడు విన్నాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించినవాడు ప్రవక్త యెషయాయే. తరచుగా జబ్బు పడే తిమోతికి కడుపు బాగుపడేందుకు ఏం పుచ్చుకోవాలో పౌలు ఉత్తరంలో రాసి పంపాడు. ఆ పౌలుకు ప్రియమైన సహచరుడు లూకా స్వయంగా వైద్యుడు. ఇక యాకోబు పత్రికలో రోగికి చెప్పిన మొదటి పని చూడండి. సంఘపెద్దలను అతడే పిలిపించుకోవాలి. అంటే తన బాధను నోరు తెరిచి చెప్పుకోవాలి. అడగడం అవిశ్వాసం కాదు, అడగమన్నది వాక్యమే.

అడిగేవారు లేని పద్దెనిమిదేళ్ళు

లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె నడుము వంగిపోయి పద్దెనిమిదేళ్ళయింది. నిటారుగా నిలబడటం ఆమె వల్ల కాదు. ఆమె పేరు మనకు తెలియదు. కానీ ఒక సంగతి తెలుసు. ఆ విశ్రాంతి దినాన ఆమె సమాజమందిరంలోనే ఉంది. అంత నొప్పితోనూ ఆమె ఆరాధన మానుకోలేదు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆమె తనను బాగుచేయమని అడగలేదు. యేసుప్రభువే ఆమెను చూసి, పిలిచి, ఆమె మీద చేతులుంచాడు. అందరి కళ్ళెదుట వంగి నడిచే ఆ నడుమును చూసి కూడా ఏళ్ళ తరబడి అలవాటుపడిపోయిన మనుషులు అక్కడ ఉన్నారు. ఆమె బాగుపడిన క్షణాన సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది, స్వస్థతకు వేరే రోజులు లేవా అని. దానికి ప్రభువు ఎద్దును, గాడిదను చూపించాడు. విశ్రాంతి దినాన కూడా పశువు కట్టు విప్పి నీళ్ళకు తోలుకెళ్ళే మీరు, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను ఇంకెన్నాళ్ళు కట్టి ఉంచుతారన్నదే ఆ జవాబులోని ప్రశ్న.

సేద్యం చేసే ఇళ్ళకు ఈ మాట సూటిగా తగులుతుంది. ఎద్దు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరు కోసం కబురు పెడతాం. ఇంటి ఇల్లాలు నడుము పట్టుకుని లేస్తుంటే మాత్రం ఆర్నెల్లయినా అడగం.

ఆ స్త్రీని బలహీనపరిచిన ఆత్మ ఒకటి ఉందని లూకా రాశాడు. దాన్ని పట్టుకుని ప్రతి నడుము నొప్పికీ అదే కారణమనుకోవడం సరికాదు. లూకా ఎక్కడా అలా రాయలేదు. నొప్పితో వచ్చినవారిని 'నీలో ఏ పాపముంది' అని ప్రశ్నించే హక్కు కూడా మనకెవరూ ఇవ్వలేదు.

నడుములో జరిగేదేమిటి?

నడుము భాగంలో అయిదు వెన్నుపూసలుంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి దిండు లాంటి డిస్కు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ డిస్కుల్లో నీటి శాతం తగ్గి అవి పలచబడతాయి. తల నెరిసినట్టే ఇదీ. పూసల చుట్టూ కండరాలు, నరాలు, కీళ్ళు ఉంటాయి. వీటిలో దేనికి ఒత్తిడి కలిగినా నడుము నొప్పి పుట్టవచ్చు. నూటికి 90 మందిలో ఫలానా చోట ఫలానా దెబ్బ అని చూపించగల కారణం దొరకదు. అంటే నొప్పి అబద్ధమని కాదు. ఎముక, నరం ప్రమాదంలో లేవని అర్థం. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో నెమ్మదిస్తుంది. అయితే మళ్ళీ మళ్ళీ రావడం దాని స్వభావం.

స్కానింగ్ గురించి కూడా ఒక మాట తెలుసుకోవాలి. ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కానింగులన్నిటినీ కలిపి పరిశీలించి 2015లో కొందరు వైద్యులు ఒక నివేదిక ప్రచురించారు. దాని ప్రకారం యాభై ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతుల్లో సుమారు 80 శాతం మందికి డిస్కు అరుగుదల, 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. వాళ్ళెవరికీ నడుము నొప్పి లేదు! కనుక రిపోర్టులో 'డిస్కు అరిగింది' అని చదివి జీవితం అయిపోయిందనుకోనక్కరలేదు. చెనిక్కాయలమ్మిన డబ్బుతో మొదటి వారమే ఎంఆర్‌ఐ తీయించుకోనక్కరలేదు. డాక్టరు చేతులతో పరీక్షించి, అవసరమన్నప్పుడే అది తీయించాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

అందరి నొప్పీ ఒకటే కాదు. కొన్ని గుర్తులు కనిపిస్తే రేపటికి కూడా ఆగకూడదు.

మూత్రం, మలం అదుపు తప్పడం, మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాళ్ళలో బలం తగ్గుతూ పోవడం. ఇవి నరాల కట్ట నలుగుతోందనడానికి గుర్తులు. గంటల మీద వ్యవహారం. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి చేరాలి. ఆలస్యమైతే ఆ నష్టం జీవితాంతం మిగిలిపోవచ్చు.

కిందపడిన తర్వాత మొదలైన నొప్పి, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవారిలో, ఎముక చిట్లడం వల్ల కావచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చినవారికి కొత్తగా నడుము నొప్పి మొదలైతే డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. పక్కటెముకల కింద నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి మూత్రపిండాల్లో రాయి వల్ల కావచ్చు. నలభై అయిదేళ్ళ లోపే మొదలై, పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము బిగుసుకుని, కదిలేకొద్దీ సడలే నొప్పి వేరే రకం కీళ్ళవాతం కావచ్చు.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముకకు క్షయ సోకిందేమో చూడాలి. క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు మాత్రమే గుర్తొస్తాయి. ఎముకలకు వచ్చే క్షయలో దాదాపు సగం వెన్నెముకలోనే వస్తుంది. నల్లచెరువుకు దూరం కాని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని మొదటి అధిపతి. అప్పటికి క్షయకు మందే లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, వీటితోనే ఆ రోగులకు సేవ చేశారు. ఇవాళ క్షయకు మందులున్నాయి, ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తోంది. నెలల తరబడి మానకుండా వాడితే వెన్నెముక క్షయ కూడా నయమవుతుంది. మందు లేని రోజుల్లోనే రోగిని వదలని పెద్దల వారసులం మనం. మందున్న రోజుల్లో రోగి మౌనంగా ఇంట్లో ఉండిపోతే అది మనకు సిగ్గుచేటు.

తాగే నీళ్ళ సంగతి కూడా చెప్పాలి

ఉమ్మడి అనంతపురం జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతదే. బోరు లోతు పెరిగినకొద్దీ ఆ భయం ఎక్కువవుతోంది. మన దేశంలో మనుషులకు వచ్చిన ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అదీ మన తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే, ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళ మీద మరకలు పడతాయి. మోతాదు ఇంకా ఎక్కువైతే పెద్దల మెడ, నడుము బిగుసుకుపోతాయి. వంగడం, తిరగడం కష్టమవుతుంది.

కనుక నడుము నొప్పితో వెళ్ళినప్పుడు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో డాక్టరుకు చెప్పండి. మీ వీధిలో చాలామందికి ఇదే బాధ ఉంటే నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలల్లో ఆ పరీక్ష చేస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి, నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట

నడుము నొప్పి, తెల్లబట్ట అని చెప్పుకోగానే గర్భసంచి తీయించేసుకోమని సలహా ఇచ్చేవారు మన రాష్ట్రంలో తక్కువేమీ కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. ఆ ఆపరేషన్ కొందరికి నిజంగా అవసరమే. కానీ కేవలం నడుము నొప్పికి అది మందు కాదు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. పోగొట్టుకోవాలనుకున్న నొప్పి మరింత గట్టిగా తిరిగి వస్తుంది.

అందుకే ఆ సలహా ఎవరిచ్చినా "ఎందుకు తీయాలి? తీయకపోతే ఏమవుతుంది? మందులతో తగ్గదా?" అని అడగండి. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చే ముందు ప్రభుత్వ ఆస్పత్రిలోని మరో లేడీ డాక్టరుకు చూపించండి. రెండో డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. ఇంట్లో మగవారు ఈ విషయంలో భార్యకు తోడుగా వెళ్ళాలి. ఖర్చు సంగతి ఒక్కటే మాట్లాడి ఊరుకోకూడదు.

ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

మేము వైద్యులం కాము. ఈ వ్యాసం చదివి మందులు మార్చుకోవద్దు. కానీ అడిగే దారి చెప్పగలం. ముందుగా వెళ్ళవలసింది మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే కదిరి ఏరియా ఆస్పత్రికి, హిందూపురం జిల్లా ఆస్పత్రికి, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి పంపుతారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగవచ్చు.

మనలో చాలామంది మొదట వెళ్ళేది ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి. ఒక సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది. మళ్ళీ నొప్పి, మళ్ళీ సూది. నొప్పి తగ్గించే మాత్రలు, ఇంజెక్షన్లు లెక్క లేకుండా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్ ఉంటే ఎముకలే గుల్లబారతాయి. నడుముకు వాతలు పెట్టించుకుంటే మిగిలేది కాలిన మచ్చలే.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు దొరికేది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాలకు ఇంట్లోనే సిద్ధపడండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలిలోకి పాకుతోందా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, రాత్రి నిద్ర పడుతోందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు, రోజూ చేసే పని ఏమిటి అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. చదువు రానివారు పిల్లల చేత రాయించుకోండి. పాత చీటీలు, మాత్రల అట్టలు సంచిలో వేసుకుని వెళ్ళండి. అప్పు బాధ, నిద్రలేమి, మనసులో దిగులు కూడా దాచుకోవద్దు. దిగులు నొప్పిని పెంచుతుంది, నొప్పి దిగులును పెంచుతుంది.

తర్వాత మీరు అడగవలసినవి అడగండి. "డాక్టర్ గారూ, ఇది ప్రమాదకరమైన నొప్పా? స్కానింగ్ తీస్తే మందు మారుతుందా? ఈ మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి? ఏ వ్యాయామం చేయాలి? పనికి వెళ్ళవచ్చా? ఆపరేషన్ లేకుండా ఎన్నాళ్ళు చూడవచ్చు?" ఇందులో తప్పేమీ లేదు. మంచి డాక్టరు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తాడు.

మంచం పట్టవద్దు, నడవండి

నడుము నొప్పికి నెల రోజులు పడుకోమని చెప్పే కాలం పోయింది. 1986లోనే అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. రెండు రోజులు పడుకున్నవారు, ఏడు రోజులు పడుకున్నవారు ఒకేలా కోలుకున్నారు. రెండు రోజులే పడుకున్నవారు పనిదినాలు తక్కువ పోగొట్టుకున్నారు. అంతే తేడా. కనుక నొప్పి బాగా ఉన్న ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత మేరకు లేచి తిరగడమే మంచిది. కటిక నేల మీదే పడుకోవాలన్నదీ నియమం కాదు. ఏ పరుపు మీద నిద్ర పడితే అదే మీకు సరైన పరుపు.

దీర్ఘకాల నడుము నొప్పి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, క్రమబద్ధమైన వ్యాయామం వంటివాటిని అది సిఫారసు చేసింది. నడుము బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులు మామూలుగా వాడవద్దంది. బెల్టు కొనడానికి పెట్టే డబ్బు ఒకసారి ఫిజియోథెరపిస్టును కలవడానికి పెడితే మేలు.

నడక మరీ చవకైన మందు. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి నుంచి కోలుకున్న 701 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు అరగంట దాకా నడిచినవారికి నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు పట్టింది. నడవనివారికి 112 రోజులకే వచ్చేసింది.

"మేము పొలంలో నడవడం లేదా" అంటారు మనవాళ్ళు. నిజమే. కానీ వంగి చేసే పని, చేతులూపుకుంటూ నిటారుగా నడవడం ఒకటి కావు. పని మానలేనివారు పని తీరు మార్చుకోవచ్చు. కాయలు వలిచేటప్పుడు గొంతుక్కూర్చోకుండా చిన్న పీట వేసుకోవచ్చు. అరగంటకోసారి లేచి నడుము చాపవచ్చు. పెద్ద బిందె ఒకటి చంకనెత్తేకంటే చిన్న బిందెలు రెండు చేతులా పట్టుకోవచ్చు. మూటను మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తవచ్చు, ఎత్తుతూ నడుము తిప్పకూడదు. మగ్గం దగ్గర కూర్చునేవారు పోగు తెగినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయవచ్చు.

సంఘం ఏం చేయగలదు?

ఆదివారం ఆరాధనలో మనం నేల మీద కూర్చుంటాం, చాలాసేపు మోకరిస్తాం. నడుము నొప్పి ఉన్నవారు ముందు వెనక వరుసలోకి జరుగుతారు. తర్వాత గోడకు ఆనుకుంటారు. తర్వాత రావడం మానేస్తారు. వారు చల్లారిపోయారని మనం అనుకుంటాం. మందిరంలో వెనకాల నాలుగు కుర్చీలు వేసి, కూర్చుని ప్రార్థించినా దేవుడు వింటాడని కాపరి ఒక్క మాట చెబితే చాలు. ఎంతోమంది తిరిగి వస్తారు.

స్త్రీల కూడికలో నెలకొకసారి ఆరోగ్య కార్యకర్తను పిలిచి మాట్లాడించవచ్చు. ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళలేనివారికి చదువుకున్న యువకులు తోడు వెళ్ళవచ్చు. పంట కాలంలో నడుము పట్టేసిన ఇంటివారి చేలో ఒక పూట పది మంది చేయి వేయవచ్చు. ఒకరి భారాలు ఒకరు మోయాలని గలతీయులకు రాసిన మాట మన పల్లెల్లో ఇలాగే నెరవేరుతుంది. ప్రార్థన కోసం వచ్చినవారిని "డాక్టరుకు చూపించుకున్నావా తల్లీ?" అని కాపరి అడగడం ఆ ప్రార్థనకు తోడే అవుతుంది.

మన ప్రాంతం నుంచి ఎందరో రైలెక్కి వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేది. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతింది. నడుము నుంచి కిందికి స్పర్శ పోయింది. ఇక ఆమె నడవలేదు. అయినా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. అమెరికా వెళ్ళి, కాళ్ళూ చేతులూ చచ్చుబడినవారిని తిరిగి జీవితంలో నిలబెట్టే వైద్యం నేర్చుకుని వచ్చింది. వేలూరులో ఆ విభాగాన్ని నడిపించింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. తన వెన్ను బాగుపడాలని ఆమె, ఆమె స్నేహితులు ఎంతగా ప్రార్థించి ఉంటారో ఊహించుకోవచ్చు. నడక తిరిగి రాలేదు. కానీ ఆమె సహాయం అడగడం మానలేదు, నేర్చుకోవడం మానలేదు. ఎంతోమంది ఆమె వల్ల లేచి నిలబడ్డారు.

అందరి నడుము నొప్పీ పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. కొందరికి అది తగ్గుతుంది, కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, కొందరు దానితోనే జీవించడం నేర్చుకోవాలి. కానీ ప్రమాదకరమైన నొప్పిని వేళకు పసిగట్టడం, అక్కరలేని ఆపరేషన్‌ను, అప్పును తప్పించుకోవడం, బాధలో ఒంటరి కాకపోవడం మన చేతుల్లో ఉన్నాయి. అవన్నీ ఒక ప్రశ్నతో మొదలవుతాయి.

కనుక మీకు నొప్పి ఉంటే ఈ వారమే ఎవరితోనైనా చెప్పండి. ముందు ఇంట్లోవారితో, తర్వాత డాక్టరుతో, కాపరితో. మీకు నొప్పి లేకపోతే, వచ్చే ఆదివారం గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ పక్కన కాసేపు కూర్చుని "నడుము ఎలా ఉందమ్మా?" అని అడగండి. ఆమె "ఏముందిలే" అంటే లేచి వెళ్ళిపోకండి. రెండోసారి అడగండి.